మార్టూరు దగ్గర ఆగిన బస్సు

రహిమున్నీసా తన జీవితంలో ఒక మనిషిని క్షమించలేదు. క్షమించి ఉంటే ఆమెను గురించి రాయవలసిన అవసరం నాకు కలిగేది కాదు.

మా నల్లపాడు రైల్వే స్టేషను ఎదుట ఎస్టీడీ బూతు నడిపిన పోలియో మనిషిగా ఆమెను చాలామంది ఎరుగుదురు. మంచం దిగలేని వృద్ధులను, కాళ్ళు లేనివారిని, చూపు లేనివారిని ఊళ్ళు దాటించి క్షేమంగా తిరిగి తెచ్చిన మనిషిగా మరికొందరు ఎరుగుదురు. సభల్లో ఆమెకు శాలువా కప్పేవారు 'సేవ' అనే మాట వాడుతుంటారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె చేసినదానికి సరైన పేరు పగ. ఆ పగ ఎవరిమీద, ఎందుకు పుట్టింది, ఎలా తీరింది అనేది తెలియకుండా శాలువాలు కప్పడం అన్యాయం. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నేను కళ్ళారా చూసినది కొంత ఉన్నది. చూడనిదానికి నా బీరువాలో కాగితాలున్నాయి.

ఆమె తండ్రి అలీ సాహెబ్ పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. బెల్టులో పడి ఒక కాలు మోకాలి పైదాకా పోయింది. అప్పటినుంచి చంకకర్రలే ఆధారం. కూతురికి పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుపడింది. ఎడమచేయి మోకాలి మీద అదిమిపెట్టి, ఒక్కొక్క అడుగూ ఒంగి లేస్తూ నడిచేది. మిరపకాయల కాలంలో కోల్డ్ స్టోరేజీ ముందు కూర్చుని తొడిమలు తీసేది. తండ్రీకూతుళ్ళు దాదాపు ఎక్కడికీ ప్రయాణం చేసేవారు కాదు. ఎందుకు చేయరో బస్సు మెట్టు ఎత్తు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

తొంభై ఎనిమిది మే నెలలో ఒంగోలు నుంచి కబురు వచ్చింది. అలీ సాహెబ్ అన్నగారు పోయారు. ముస్లిముల ఇళ్ళలో మట్టి చేయడానికి ఆలస్యం చేయరు. ఆఖరి చూపు దక్కాలంటే వెంటనే బయలుదేరాలి. గుంటూరు నుంచి ఒంగోలుకు గౌస్ బాషా అనే ఆసామి ప్రైవేటు బస్సు తిప్పేవాడు. మనవాడే గదా అని ఆ బస్సు ఎక్కారు. ఎక్కించినవారు తోటి ప్రయాణికులు. గౌస్ బాషా ఫుట్‌బోర్డు మీద నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

మార్టూరు దగ్గర టీ కోసం బస్సు ఆగింది. రోడ్డు పక్కన గ్రానైటు పాలిష్ యూనిట్లు, వాటి ముందు గోడల్లా నిలబెట్టిన రాతి పలకలు. అలీ సాహెబ్‌కు అప్పటికే చక్కెర జబ్బు. దిగక తప్పలేదు. కూతురు సాయంగా దిగింది. రాయి కోసిన నీళ్ళు పారి ఆ పలకల వెనక అంతా తెల్లటి బురద. చంకకర్ర అందులో దిగబడితే పీక్కోవడం, మళ్ళీ దిగబడటం. వాళ్ళు పలకల చాటునుంచి బయటికి వచ్చేసరికి బస్సు ఇంజను మోగుతున్నది. గౌస్ బాషా ఫుట్‌బోర్డు మీదినుంచి వాళ్ళను చూశాడు. అతడు చూడలేదని తర్వాత ఎందరో నాకు నచ్చజెప్పబోయారు. చూశాడు. రహిమున్నీసా చెయ్యి ఎత్తింది, అతడు ఆ చేతిని చూసి, లోపలికి తల తిప్పి డ్రైవరు మాలిక్‌తో, "పోనివ్వు," అన్నాడు.

బస్సులో ఎవరో, "పాపం, ముసలాయన దిగాడు గదండీ," అన్నారట.

"తండ్రీకూతుళ్ళకి కలిపి కాళ్ళు రెండు. వాళ్ళకోసం నలభై మందిని ఎండబెట్టమంటారా? కాళ్ళు లేనివాళ్ళకి ప్రయాణాలెందుకండీ, ఇంట్లో కూర్చుని ఏడిస్తే సరిపోదూ?" అన్నాడట గౌస్ బాషా. బస్సులో కొందరు నవ్వారట. ఈ మాటలు నాకు చెప్పినవాడు అదే బస్సులో కూర్చున్న మా చర్చి కమిటీ సభ్యుడు. తాను నవ్వలేదని కూడా చెప్పాడు. దిగలేదు మరి.

ఎండలో ఏ బస్సూ ఆగలేదు. చివరికి గ్రానైటు లారీవాళ్ళు జాలిపడి, అలీ సాహెబ్‌ను నడుముకు తాడు కట్టి రాళ్ళమీదికి లాగారు. ఒంగోలు కబరస్తానుకు చేరేసరికి మట్టి కప్పడం పూర్తయి, పైన నీళ్ళు చల్లుతున్నారు. ఆయన గడ్డం నిండా రాతిపొడి. ఆ పొడితోనే నిలబడి ఫాతిహా చదివాడు.

ఆ తర్వాత ఆయన ఏడాదికన్నా బతకలేదు. చివరి రోజుల్లో నేను చూడబోయినప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "మాస్టారూ, విచిత్రం చూడండి. అన్న గొంతు గుర్తుంది, నడక గుర్తుంది. మొహం గుర్తు రావడంలేదు. ఒక్కసారి చూసి ఉంటే ఉండిపోయేది," అన్నాడు. రహిమున్నీసా కాళ్ళదగ్గర కూర్చుని ఉన్నది. ఆ మాట ఆమె ఎలా విన్నదో నేను చూశాను.

అలీ సాహెబ్ తరఫున అర్జీ నేనే రాశాను. వికలాంగుల చట్టం వచ్చి అప్పటికి కొద్ది కాలమే అయింది. అందులోని సెక్షన్లు ఉదహరించి, మూడు నకళ్ళు తీసి, రిజిస్టరు పోస్టులో పంపాను. ఏ కార్యాలయానికి పంపానో చెప్పను, అక్కడివారికి తెలుసు. చాలా కాలానికి జవాబు వచ్చింది: విరామ సమయంలో దిగిన ప్రయాణికులు తిరిగి సకాలంలో వాహనము చేరుకొనుట వారి బాధ్యతయే. ఒంటికాలి మనిషికి రాసిన జవాబు అది. చట్టం మాత్రం ఏం ఉద్ధరించింది? ప్రయాణ సౌకర్యాలన్నీ 'ఆర్థిక స్తోమత పరిమితులకు లోబడి' కల్పించాలన్నది. స్తోమత ఎవరిదో, పరిమితి ఎవరు గీస్తారో అందులో లేదు.

జవాబు చదివి వినిపిస్తే రహిమున్నీసా, "దాచండి మాస్టారూ," అన్నది. "ఇక కాగితాలతో పని లేదు. నేను చూసుకుంటాను."

ఆ మరుసటి ఏడే వికలాంగుల కోటాలో ఆమెకు ఎస్టీడీ బూతు వచ్చింది. అందరూ ఫోను మాట్లాడటానికి బూతుకు వస్తారు. ఆమె బూతులో కూర్చుని ఫోను మీద ఊళ్ళన్నీ తిరిగింది. నేను దీన్ని మొదటిసారి గమనించింది రెండువేల ఒకటిలో. నా భార్య దేవకుమారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆమె కూడా టీచరే. మాట ముద్దగా వచ్చేది. చీరాల్లో ఉన్న చెల్లెలిని చూడాలని పట్టుబట్టింది. ఎలా తీసుకుపోవాలో తెలియక నేను బూతుకు వెళ్ళి చీరాలకు ఫోను కలపమన్నాను. రహిమున్నీసా కలిపి, రిసీవరు నాకు ఇవ్వకుండా తనే మాట్లాడింది.

"అమ్మా, మీ గడప మోకాలికి పైనా, కిందా? కిందేనా? సరే. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? లోపలికైతే కుర్చీ పట్టదు, తలుపు ఊడదీసి గోనెపట్టా కట్టించండి. మంచం ఎత్తా? అయితే కింద ఇటుకలు తీసేయండి. వీధిలో కారు ఇంటిముందు దాకా వస్తుందా? మధ్యలో కాలవ ఉందా? ఉంటే దానిమీద పరిచింది రాయా, చెక్కా?"

ఆ ఇంటికి పాతికేళ్ళుగా వెళ్తున్నాను. వీధిలో కాలవ ఉన్నదని నాకు ఆరోజే తెలిసింది.

ప్రయాణంనాడు మిరపయార్డు హమాలీ మార్క్ వచ్చాడు. లారీలోకి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసుకెళ్ళడానికి వేసే పొడుగాటి చెక్కబల్ల భుజాన ఉన్నది. వ్యాను తలుపుకు ఏటవాలుగా ఆ బల్ల ఆనించి, దానిమీద గోతం తడిపి పరిచి, నాలుగు మూలలా మేకులతో బిగించాడు. గోతం ఎందుకని అడిగాను. "నున్నటిదాని మీద ప్రాణం నిలవదు మాస్టారూ. గరుకు కావాలి," అన్నది రహిమున్నీసా. మార్క్ చక్రాల కుర్చీని వెనకనుంచి తోస్తూ దేవకుమారితో, "టిక్కీలకన్నా మీరే నయం టీచరమ్మా. ఘాటు లేదు," అన్నాడు.

"నీకింకా... తెలీదు," అన్నది నా భార్య ముద్దమాటతో. జబ్బు చేశాక ఆమె వేసిన మొదటి చతురు అది.

అప్పటినుంచి రహిమున్నీసా ఏర్పాటు చేసిన ప్రయాణాలు అనేకం. వికలాంగుల సర్టిఫికెట్లకు పెద్దాసుపత్రికి, దర్గాలకు, మా చర్చి కన్వెన్షన్ సభలకు, కొడుకుల ఇళ్ళకు, సముద్రానికి. పిడుగురాళ్ళ సున్నపుబట్టీల్లో కళ్ళు పోగొట్టుకున్న కూలీలను కూడా ఆమె తిప్పింది. ఆమె ప్రయాణాలన్నిటికీ నియమం ఒకటే. అందరికన్నా నెమ్మదిగా కదిలేవారు ముందు ఎక్కాలి. బండి కదలమని చెప్పవలసినది కూడా వారే. డ్రైవరు చెబితే కదలదు, డబ్బిచ్చినవాడు చెబితే కదలదు.

ఇదంతా చూసి లోకం మెచ్చుకున్నది. ఆమె మాత్రం గౌస్ బాషా మీదినుంచి చూపు తిప్పలేదు. అతనికి ఒంగోలు సర్వీసుకన్నా పెళ్ళిబస్సుల మీద రాబడి ఎక్కువ. మా వైపు ఏ మతంవారి ఇంట్లోనైనా పెళ్ళివారి బస్సులో మొదట ఎక్కి ముందుసీట్లో కూర్చోవలసినది ఆ ఇంటి పెద్ద ముసలమ్మే. ఒకరు కొబ్బరికాయ కొడతారు, ఒకరు ఫాతిహా చదువుతారు, మేము ప్రార్థన చేస్తాం. ముసలమ్మ కూర్చోనిదే బస్సు మాత్రం ఎవరిదీ కదలదు. ఆ ఆచారంలో ఎంత బలం ఉన్నదో రహిమున్నీసా కనిపెట్టింది.

"బస్సు మాట్లాడేది కొడుకులు మాస్టారూ. ఎక్కాల్సింది ముసలమ్మ. నేను కొడుకులతో ఎందుకు మాట్లాడాలి?" అన్నది.

దూరాన ఉన్న బిడ్డలతో మాట్లాడటానికి ముసలమ్మలంతా ఆమె బూతుకే వచ్చేవారు. ఫోను కలిసేదాకా బెంచీమీద కూర్చోబెట్టి, ఆమె వాళ్ళకు ఒక్కటే ఎక్కించింది. బల్లా గోతం లేని బస్సు ఎక్కనని చెప్పండి. ఇన్నాళ్ళూ చంకల కింద చేతులు వేసి బియ్యం మూటలా లోపలికి తోయించుకున్నారు. ఇక చాలు.

ముసలమ్మలకు ఈ మాట ఎంత రుచించిందో చెప్పలేను. ఆ ఏటి పెళ్ళిముహూర్తాల్లోనే మొదలయింది. గౌస్ బాషా బస్సు వచ్చి వీధిలో నిలబడటం, పట్టుచీర కట్టుకున్న నాయనమ్మ అరుగుమీద చతికిలబడటం. "బల్లేదిరా?" "బల్లేమిటే అమ్మా, ముహూర్తం దాటిపోతోంది." "దాటనీ. నీ పెళ్ళికి నన్ను ఎక్కించినప్పుడు జబ్బ జారింది, నోరు మూసుకున్నా. ఇప్పుడు బల్ల తే." అలాంటి పెళ్ళివారి సాక్ష్యాలు నేను స్వయంగా వెళ్ళి సేకరించాను, పెళ్ళిపత్రికలతో సహా నా దగ్గర ఉన్నాయి. చివరికి కొడుకులు బల్లా గోతం పెట్టుకున్న సుభానీ అనే మరో ఆసామి బస్సు కోసం పరుగెత్తేవారు. ఒకటి రెండేళ్ళలో పెళ్ళిళ్ళన్నీ సుభానీ వైపు మళ్ళాయి. గౌస్ బాషా బస్సులు షెడ్డులో నిలబడ్డాయి. నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను.

గౌస్ బాషా మూర్ఖుడు కాడు, కారణం కనుక్కున్నాడు. అయితే బల్ల మీద గోతం పరవడం అతనికి నామోషీగా తోచింది. మార్టూరులో పాలిష్ యూనిట్లవాళ్ళు అతని స్నేహితులు. మా ప్రాంతంలో డబ్బు చేసినవాడు చేసే మొదటి పని ఇంటికీ అరుగుకూ సమాధికీ కూడా నల్లటి గ్రానైటు పరవడమే. మొహం కనిపించేలా మెరవకపోతే అది గొప్పతనం కింద లెక్కకాదు. అతడు తన ఆఫీసు ముందు, బస్సు గుమ్మం ఎత్తుకు సరిపోయేలా, ఏటవాలు వేదిక కట్టించి, అద్దంలా పాలిష్ చేసిన నల్లరాయి పరిపించాడు. పైన బోర్డు: వృద్ధులకు, వికలాంగులకు ప్రత్యేక రాజమార్గం. ప్రారంభోత్సవానికి ఫొటోగ్రాఫరును పిలిచాడు. కరపత్రం మా ఇంట్లో కూడా వేసి వెళ్ళారు.

రిబ్బను కత్తిరించడానికి తన తల్లి జానీబీ గారినే తెచ్చాడు. పొడుగైన మనిషి, ఎనభై దాటినా ఒళ్ళు గట్టిది, నోరు అంతకన్నా గట్టిది. ఆ పొద్దున చిరుజల్లు పడింది. ఆవిడ రెండడుగులు వేసింది. మూడోది రాయిమీద నిలవలేదు. తుంటి విరిగింది.

ఆసుపత్రికి చూడవచ్చినవారితో గౌస్ బాషా మంచం పక్కనే నిలబడి, "రాయిది తప్పు కాదండీ. బ్రహ్మాండమైన రాయి. అమ్మీయే చూసుకోలేదు," అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నది. నిద్రపోవడంలేదు.

రహిమున్నీసా పండ్లు తీసుకుని వెళ్ళింది. నేను తోడు వెళ్ళాను. జానీబీ గారు ఆమెను ఎగాదిగా చూసి, "నువ్వేనా మా వాడి బస్సుల్ని షెడ్డులో పెట్టించింది?" అని అడిగింది.

"నేనే దాదీ."

"ఎందుకు?"

రహిమున్నీసా చెప్పింది. ఏడవకుండా, గొంతు పెంచకుండా, మార్టూరు నుంచి తండ్రి గడ్డంలోని రాతిపొడి దాకా. 

"అలీ సాహెబ్ నాకు తెలుసు. మా అమ్మాయి పెళ్ళికి పరుపుల్లోకి పత్తి తనే ఏరి పంపాడు," అన్నది జానీబీ గారు. ఆ వెంటనే, "రాయిది తప్పు కాదట. నా కాలిది తప్పట," అన్నది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

రెండువేల నాలుగులో గౌస్ బాషా కొడుకు ముబీన్‌కు ఒంగోలు సంబంధం కుదిరింది. పెళ్ళికి వారం ముందు జానీబీ గారు ఇంట్లో ప్రకటించింది. రహిమున్నీసా వచ్చి తీసుకువెళ్ళకపోతే తను పెళ్ళికి రాదు. ముసలమ్మ ముందుసీట్లో లేకుండా బస్సు కదిలించే ధైర్యం గౌస్ బాషాకు కూడా లేదు. ఒకే ఒక్క మనవడి పెళ్ళి, బంధువులు ఉమ్మేస్తారు.

అతడు బూతుకు వచ్చిన సాయంత్రం నేను అక్కడే పేపరు చదువుతూ ఉన్నాను. బయట కారు దిగి, బూతు అద్దం తలుపు తోయడానికి కాస్త తటపటాయించాడు.

"ఏమ్మా రహిమూ, బాగున్నావా?"

"రహిమున్నీసా."

"అదే, అదేనమ్మా. మా అమ్మీ సంగతి విన్నావుగదా. పెద్దావిడ, మొండితనం. నువ్వు ఒక్కపూట వచ్చి..."

"వస్తాను."

ఆమె అంత తొందరగా ఒప్పుకుంటుందని అతడు అనుకోలేదు. జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.

"డబ్బు తీయకండి బాషా గారూ. ఆ రోజు బస్సు మీది, పద్ధతి నాది. ఎక్కడ ఆగాలో నేను చెబుతాను. అందరికన్నా నెమ్మదైనవారు ముందు ఎక్కుతారు. బండి కదలమని వాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పాక ఇక ఎవరికోసమూ ఆగదు. ఒప్పుకుంటే వస్తాను."

"దానికేముందమ్మా. నీ ఇష్టం."

"మాస్టారు విన్నారు."

"విన్నాను," అన్నాను.

అతడు నవ్వాడు. "పెళ్ళిబస్సుకి సాక్షులేమిటమ్మా."

పెళ్ళినాటి పొద్దున బయలుదేరాం, నికా మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు. బస్సు గౌస్ బాషాదే, డ్రైవరు అదే మాలిక్. మార్క్ బల్ల వేసి గోతం బిగించాడు. జానీబీ గారు చక్రాల కుర్చీలో రాజసంగా పైకి వెళ్ళి ముందుసీట్లో కూర్చున్నది. ఆవిడ వెనకసీట్లో నా భార్య, నేను. మమ్మల్నీ పిలిచారు. నడవలో కిందపెట్టిన పూలబుట్టలను రహిమున్నీసా పైకి ఎక్కించింది. సర్దడం అయ్యాక, "దాదీ, చెప్పండి," అన్నది.

"పోనివ్వు," అన్నది జానీబీ గారు, ఆ మాట రుచి చూస్తున్నట్టు.

చిలకలూరిపేట దాటాం. మార్టూరు దగ్గర రాతి పలకల వరుస కనిపించగానే రహిమున్నీసా లేచి మాలిక్ భుజం తట్టింది. ఒక పాలిష్ యూనిట్ యజమాని ఇంట్లో, మెట్లు లేని మరుగుదొడ్డి ఉన్నదని ఆమె ముందే ఫోను చేసి మాట్లాడి పెట్టింది. జానీబీ గారిని, దేవకుమారిని ఆడవాళ్ళు తీసుకువెళ్ళారు. రహిమున్నీసా మిగిలినవారికి గట్టిగా చెప్పింది: "దూరం పోకండి. పెద్దావిడ ఎక్కి పోనివ్వమంటే బస్సు పోతుంది."

గౌస్ బాషా తెల్లటి షేర్వానీలో దిగాడు. తెలిసినవాళ్ళ యూనిట్ల ముందు కొడుకు పెళ్ళిబస్సు ఆగితే ఊరుకోగలడా? అత్తరు రాసుకున్న మనిషి, మనిషి మనిషినీ కౌగిలించుకుంటూ లోపలికి పోయాడు. కొత్త ఇంటి హాల్లోకి రాయి చూపిస్తామన్నారట. రహిమున్నీసా అతణ్ణి చూస్తూ నిలబడింది. ఇది జరుగుతుందని ఆమెకు ముందే తెలుసా అని నేను తర్వాత అడిగాను. "అతను రాయి ముందు ఆగకుండా పోవడం మీరెప్పుడైనా చూశారా మాస్టారూ?" అన్నది.

నా భార్య ఎక్కి కూర్చున్నది. ఆ వెనకే జానీబీ గారు తిరిగి వచ్చి, బల్ల మీదుగా ఎక్కి, కూర్చుని, పైట సర్దుకున్నది. మార్క్ బల్ల తీసి కట్టేశాడు. మాలిక్ హారన్ కొట్టాడు. లోపలినుంచి గౌస్ బాషా చెయ్యి ఊపాడు, వస్తున్నానని. ఆ చెయ్యి మళ్ళీ ఒక పలకను తట్టి చూడటంలో మునిగిపోయింది.

"ఇక్కడేనా అమ్మా?" అన్నది జానీబీ గారు, తల తిప్పకుండానే.

"ఇక్కడే దాదీ. ఆ పలకల చాటున," అన్నది రహిమున్నీసా.

మాలిక్ అద్దంలో చూస్తూ, "అమ్మీ, సేటుగారు ఎక్కలేదు," అన్నాడు.

"నేనెక్కానా?"

"ఎక్కారు."

"నాకన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరైనా కింద ఉన్నారా రహిమున్నీసా?"

"లేరు దాదీ."

పూలముసుగు కట్టుకున్న ముబీన్ సీట్లోంచి సగం లేచాడు. "నానమ్మా, అబ్బా కింద..."

"కూర్చో. మీ అబ్బాకి రెండు కాళ్ళున్నాయి," అన్నది జానీబీ గారు. "మాలిక్, ఆరేళ్ళ కింద ఇదే చోట నీతో ఒకడు ఒక మాట అన్నాడు. గుర్తుందా?"

మాలిక్ గేరు మీద చెయ్యి వేశాడు. అతని మెడ వెనక చెమట నాకు కనిపించింది.

"గుర్తుంటే సరే. పోనివ్వు."

బస్సు కదిలింది. ఎవరూ నవ్వలేదు. గౌస్ బాషా ఇంజను చప్పుడు విని బయటికి వచ్చాడు, మొదట నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. పలకల ముందు తెల్లబురదలో బూటు దిగబడింది. కాలు లాగితే బూటు రాలేదు. చెయ్యి పైకెత్తాడు. రహిమున్నీసా సీట్లు పట్టుకుంటూ చివరిదాకా నడిచి, వెనక అద్దంలోంచి అతణ్ణి చూస్తూ నిలబడింది. ఆమె తనను చూస్తున్నదని అతనికి తెలిసేదాకా నిలబడింది.

సీటుమీది సంచిలో అతడు వదిలిపోయిన సెల్‌ఫోను మోగింది. ముబీన్ చెయ్యి చాపాడు.

"మోగనీరా," అన్నది నానమ్మ. చాలాసార్లు మోగి మోగి, అదే ఆగిపోయింది.

ఒంగోల్లో పెళ్ళికూతురివారు పెళ్ళికొడుకు తండ్రి ఏడని అడిగారు. "వెనక వస్తున్నాడు. వేళ దాటకుండా నికా కానివ్వండి," అన్నది జానీబీ గారు. పెద్దావిడ మాట. ఖాజీగారు చదివించారు. కబూల్, అంటే ఒప్పుకున్నాను, అన్నాడు ముబీన్. ఖర్జూరాలు పంచుతుండగా షాదీఖానా ముందు గ్రానైటు లారీ ఆగింది. డ్రైవరు పక్కన చోటులేక గౌస్ బాషా రాళ్ళమీద కూర్చుని వచ్చాడు. షేర్వానీ తెలుపు రాతిపొడి తెలుపులో కలిసిపోయింది. ఒక కాలికి బూటు లేదు. గడ్డం నిండా పొడి.

రహిమున్నీసా ఒక కుర్చీ లాగి వేసింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"లారీ తొందరగానే దొరికిందే బాషా గారూ. మా నాన్నకి పొద్దు వాలింది," అన్నది.

అతడు నీళ్ళు తాగలేదు. తల్లివైపు చూశాడు.

"ఏరా, నీ కొడుకు కబూల్ అన్నప్పుడు మొహం చూశావా?" అన్నది జానీబీ గారు.

"లేదమ్మీ."

"మళ్ళీ చూడలేవు. పో, మొహం కడుక్కో."

ఈ విషయంలో రహిమున్నీసా మితిమీరిందని చెప్పినవారున్నారు. వారిలో ఒకరు పాస్టరుగారు. క్షమను గురించి నాకు రెండు వాక్యాలు చూపించారు. అలీ సాహెబ్ అర్జీకి వచ్చిన జవాబు నేను ఆయనకు చూపించాను. ఆయన చదివి, మడిచి, తిరిగి ఇచ్చి, వాతావరణం గురించి మాట్లాడారు.

అసలు చెప్పవలసినది తిరుగు ప్రయాణం. సాయంత్రం పెళ్ళికూతురితో బయలుదేరాం. పెద్దావిడ ఎక్కగానే గౌస్ బాషా మిగతా అందరికన్నా ముందు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, కదలలేదు. మార్టూరు దగ్గరికి వచ్చేసరికి రహిమున్నీసా మళ్ళీ మాలిక్ భుజం తట్టింది.

"దాదీకి అవసరమా?" అన్నాడు మాలిక్.

"కాదు. నాకు."

ఆమె ఒక్కతే దిగింది. మోకాలిమీద చెయ్యి అదిమి, ఒంగి లేస్తూ, తెల్లబురద అంచున ఆ రాతి పలకలవైపు నడిచింది. అంతదాకా వెళ్ళడానికి ఆమెకు ఎంతసేపు పట్టాలో అంతసేపూ పట్టింది. పలకల మధ్య నిలబడింది. బిస్మిల్లా అన్నట్టు పెదవులు కదిలాయి, తర్వాత ఇంకేవో మాటలు. వాలుపొద్దు పాలిష్ రాళ్ళమీద పడి మా కళ్ళు చెదురుతున్నాయి. బస్సులో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, నలభై మంది బంధువులు, బస్సు యజమాని. హారన్ మీదికి మాలిక్ చెయ్యి పోలేదు. ఎవరూ వాచీ చూసుకోలేదు. గౌస్ బాషా ఒళ్ళో చేతులు పెట్టుకుని, రాళ్ళవైపు చూస్తూ, ఆమె కోసం కూర్చున్నాడు.

ఆమె తిరిగి నడిచి వచ్చింది. మార్క్ చెయ్యి ఇవ్వబోతే వద్దన్నది. ఒక్కొక్క మెట్టూ ఎక్కి, తన సీట్లో కూర్చుని, చచ్చుపడిన కాలును రెండు చేతులతో లోపలికి పెట్టుకున్నది. బస్సంతా ఆమె నోటివైపు చూస్తున్నది.

"పోనివ్వు," అన్నది రహిమున్నీసా.